ఆముదం పట్టిన గింజలు

ఆ గురువారం పొద్దున్న చంద్రిక చేయవలసిన పనులు ఇవి.

ఆరు ఊళ్ళ కాఫీకి ఆరు గాజు గిన్నెలు, సబ్బు తగలకుండా వేడినీళ్ళతో కడగాలి. కాఫీ రైతుల సొసైటీ ఆఫీసులో ఈ రెండు రోజులూ ఎవరూ తలలో పూలు పెట్టుకోకూడదని, పౌడరు రాసుకోకూడదని మరోసారి చెప్పాలి. వాచ్‌మన్ అబ్బులు దగ్గర చుట్టలు లాక్కుని బీరువాలో పెట్టాలి. కొండమీద బొండగుడ నుంచి మొదటి బస్సుకు దిగే కొర్రా సోమన్నకు టిఫిన్ పెట్టించాలి. బెంగుళూరు నుంచి కాఫీ రుచి చూసే భీమశంకరరావుగారు పదకొండింటికి వస్తారు. ఆయనకు ఎండ తగలని చోట బల్ల వేయించాలి. భర్త శివరామకృష్ణకు బి షిఫ్టు; స్టీలు ప్లాంటు బస్సు వేళకు క్యారేజీ కట్టాలి. వీటన్నిటికన్నా ముందు, తమ ముందుగదిలో ఉన్న బొండగుడ ఊరి రెండు బస్తాలను ఆటోలో వేయించి ఆఫీసుకు చేర్చాలి.

ఆమె ఈ చివరి పనితోనే మొదలుపెట్టింది. మిగిలినవన్నీ అక్కడే ఆగిపోయాయి.

బస్తా మూతి విప్పి చెయ్యి లోపలికి పెట్టగానే గింజలు వేళ్ళ మధ్య నుంచి జారిపోయాయి. బయటికి తీసిన చెయ్యి నిగనిగా మెరుస్తోంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. రెండో బస్తా విప్పింది. అదీ అంతే.

"అత్తా!"

తాయారమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. పండగ పిండివంట రుచి చూపించబోతున్న మనిషి ముఖంలా ఉంది ఆమె ముఖం.

"సూసేసినావా? రేత్రే సెప్దామనుకున్నాను. అలిసిపోయి వొచ్చినావని ఊరుకున్నాను."

"ఏటత్తా ఇది?"

"ఆముదం. మీ అమ్మ ఎలమంచిలి నుంచి పంపినాది కాదేటి, గానుగది, అదే. మన బియ్యం డబ్బాలో ముక్కుపురుగు కనబడ్డాది. ఈ బస్తాలు దాని పక్కనే ఉన్నాయి. సొసైటీ సొమ్ముకి పురుగు పడితే మాట పడేది నువ్వు కదా! పక్కింటి పుష్పా నానూ మద్దేనమంతా కూకున్నాం. సాప మీద పోసి, సేత్తో రాసి, మళ్ళా ఎత్తేం. కందులకి రాసినట్టే. ఒక్క గింజ వొదిలితే ఒట్టు."

చంద్రిక గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

ఆఫీసు గోడౌను రేకు మొన్నటి వానకు కారింది. పెందుర్తిలో తమ ఇల్లు దగ్గరే కదా అని ఈ రెండు బస్తాలూ ఇంటికి తెప్పించింది తనే. బొండగుడలో మొక్కలు నాటి నాలుగేళ్ళయింది. కొండవాలులో ఇరవై ఏడు కుటుంబాలు పెంచిన తోటలకు ఇది తొలికాపు. ఊరంతటి నుంచీ సొసైటీకి చేరినవి ఈ రెండు బస్తాలే.

"అత్తా, కాఫీ గింజ పక్కన ఏది ఉంటే దాని వాసన పీల్చేస్తుంది. అందుకే కదా అబ్బులు చేత చుట్ట మాన్పించాను!"

"చుట్టంటే కంపు. ఆముదానికేటి? పసిబిడ్డ నాలిక్కి రాత్తాం."

"ఆ వచ్చే ఆయన పసిబిడ్డ కాదు!"

ఇద్దరి గొంతులూ పెరిగేసరికి శివరామకృష్ణ దుప్పటి భుజాన వేసుకుని లేచి వచ్చాడు. సంగతి విన్నాడు. గుప్పెడు గింజలు తీసి వాసన చూశాడు. ముందు నవ్వబోయి, పెళ్ళాం ముఖం చూసి మానేశాడు.

"కడిగేద్దాం," అన్నాడు.

"తడిస్తే బూజు పడుతుంది."

"పోనీ, నానొక మాట సెప్తాను, కోప్పడకు. గోడౌన్లో మిగిలిన ఊళ్ళ బస్తాలు ఉన్నాయి కదా. ఏదో ఒక దాంట్లోంచి రెండు కేజీలు తీసి బొండగుడ గిన్నెలో పోసెయ్. ఆ కొండ గింజే, ఈ కొండ గింజే. ఆయనకేటి తెలుస్తాది?"

"ఆయనకు తెలియకపోవచ్చు."

"మరింకేటి?"

"నాకు తెలుస్తుంది కదా."

శివరామకృష్ణ బుర్ర గోక్కున్నాడు. "నీతో ఇదే గొడవ. డిగ్రీ సదివిన మనిషిని సేసుకోవద్దురా అని మా నాన్న అన్నాడు, నానే వినలేదు."

"మీ నాన్న అలాగ అన్లేదు. నాను అన్నాను," అంది తాయారమ్మ తలుపు దగ్గర నుంచి. మరో రోజయితే ముగ్గురూ నవ్వేవారు. ఈ రోజు ఎవరూ నవ్వలేదు.

చంద్రికకు బొండగుడ ఆశ ఏమిటో తెలుసు. ఊరి పేరుతో కాఫీ విడిగా అమ్ముడైన ప్రతిచోటా, లాభంలో ఆ ఊరి వాటాతో ఊరివాళ్ళు అడిగిన పని జరగాలని సొసైటీ సర్వసభ్య సమావేశం చేతులెత్తి తీర్మానించింది. కిందటేడు అలాగే పక్క ఊళ్ళో ఊట దగ్గర నుంచి గొట్టం వేశారు. కుళాయి తిప్పిన రోజు చూడ్డానికి వెళ్ళిన సోమన్న ఆ నీళ్ళ కింద తల పెట్టి అలాగే నిలబడిపోయాడు, పిల్లలు నవ్వుతున్నా కదలలేదు. బొండగుడ ఆడవాళ్ళు ఇప్పటికీ లోయలోకి దిగి కుండలతో ఎక్కుతున్నారు. ఈ ఏడు రుచి చూసే గిన్నెల వరసలో వాళ్ళ పేరు లేకపోతే ఊరి పేరుతో అమ్మకం ఉండదు; మళ్ళీ వచ్చే కాపు దాకా అంతే.

తాయారమ్మ ఎప్పుడు వచ్చిందో వచ్చి బస్తా పక్కన కూర్చుంది. గోనెమీద చెయ్యి వేసి నిమిరింది.

"మన బూమి ప్లాంటు కింద పోయిన ఏడు పుట్టినోళ్ళకి పెళ్ళిళ్ళయిపోయినాయి," అంది. "బూమి పోయినోళ్ళకిచ్చిన కార్డు మీద నా కొడుక్కి ఉద్యోగం వొచ్చింది. నెలనెలా జీతం వొస్తాది. బాగానే ఉన్నాం. కాదన్ను. గాని ఇంట్లోకి బస్తా వొచ్చి ఎన్నేళ్ళయింది సంద్రికా? కొట్లో కొన్నది కాదు, పండినది. మొన్న నువ్వు దింపినప్పుడు నాకు కాళ్ళూ సేతులూ ఆడలేదు. ఏదో ఒకటి సెయ్యాలనిపించింది. అంతే."

చంద్రిక కోపం పోలేదు. అలాగని దాన్ని ఎవరిమీద చూపించాలో తెలియలేదు.

"లే," అంది తాయారమ్మ. "ఆటో పిలు. నానూ వొస్తాను. ఆ సోమన్నకి నాను సెప్పుకుంటాను."

"నువ్వెందుకు అత్తా?"

"సేసినది నువ్వా నానా?"

*

ఆఫీసు వరండాలో సోమన్న ఇడ్లీ పొట్లం విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఆటోలో బస్తాలు చూడగానే లేచి ఎదురొచ్చాడు, చుట్టపుచూపుగా వచ్చిన మేనల్లుణ్ణి దింపుకున్నట్టు.

తాయారమ్మ ఆటో దిగుతూనే మొదలుపెట్టింది. మధ్యలో ఆగలేదు, సాకులు చెప్పలేదు. ముక్కుపురుగు, ఆముదం, చాప, పుష్ప, అన్నీ వరసగా చెప్పి, "నాది తప్పయిపోయింది నాయినా," అంది.

సోమన్న గింజ ఒకటి తీసి వాసన చూశాడు. ఇంకొకటి తీసి పంటి కింద కొరికాడు. ఇడ్లీ పొట్లం జాగ్రత్తగా బెంచీ మీద పెట్టాడు.

"మేం బూడిద కలుపుతాం," అన్నాడు.

"ఏటి?"

"రాజ్‌మా చిక్కుళ్ళకి. పురుగు పట్టకుండా. మా అమ్మయితే బూడిద కలిపేసి ఉండును." అతను నవ్వడానికి ప్రయత్నించాడు. రాలేదు. ముఖం తిప్పుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. తాయారమ్మ అతని పక్కనే నిలబడింది. వెళ్ళిపొమ్మని అతను అనలేదు, ఉండమనీ అనలేదు.

భీమశంకరరావుగారు చెప్పిన వేళకే వచ్చారు. రాజమండ్రిలో పుట్టి బెంగుళూరులో స్థిరపడ్డ మనిషి. జేబులో వెండి చెంచా తప్ప వెంట ఏమీ లేదు. వచ్చీ రాగానే ముక్కు ఎగబీల్చి, "ఎవరికమ్మా ఇక్కడ తలంటు?" అన్నారు.

చంద్రిక ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన ముందు పగలబడి నవ్వారు. తరువాత సోమన్నను చూసి ఆపుకున్నారు.

"ఏలకుల పక్కన పెట్టి తెచ్చినవాళ్ళను చూశాను, ఎండుచేపల లారీలో వేసి తెచ్చినవాళ్ళను చూశాను. ప్రేమగా తలంటు పోసి తెచ్చినవాళ్ళు మాత్రం మీరే." గింజలు అరచేతిలో దొర్లించారు. "పాపం, గింజ చక్కగా ఉంది, అమ్మాయ్. కానీ దీన్ని నేను గిన్నెలో పెట్టలేను. పెడితే పక్క గిన్నెలు కూడా పాడైపోతాయి."

"వేరే గింజలు తెస్తే?"

"అదే ఊరివయితే, అదే కాపువయితే చూస్తాను. ఈ రోజు మిగిలిన అయిదూ వేయించి ఉంచుతాను, రేపు మధ్యాహ్నం రుచి చూస్తాను. సాయంత్రం నా రైలు. రేపు పన్నెండులోపు తెచ్చావా, వేయించిన వేడి మీదే చూసేస్తాను. దాటితే నా చేతిలో లేదు." ఆయన బల్ల వైపు నడిచి మళ్ళీ వెనక్కి తిరిగారు. "ఇంకొకటి. మార్చి పోసేసి ఉంటే నాకు తెలిసేది కాదేమో. చెప్పావు. అది నేను రాసుకుంటాను."

శివరామకృష్ణ వినడానికి అక్కడ లేడు. ఉంటే బుర్ర గోక్కునేవాడు.

"సోమన్నా," అంది చంద్రిక. "ఊళ్ళో ఎవరింట్లోనయినా మిగిలాయా? రెండు గుప్పిళ్ళయినా?"

"అందరివీ ఊడ్చి తెచ్చాం కదమ్మా. ఒక్క ఇంట్లో ఉన్నాయి." అతను ఆగాడు. "అవి రావులే."

"ఎవరింట్లో?"

"పాంగి బుదరి ఇంట్లో."

చంద్రిక ముఖం మాడిపోవడం తాయారమ్మ చూసింది.

"ఎవరామె? సొసైటీలో మనిషి కాదేటి?"

సోమన్న చంద్రిక వైపు చూశాడు. నేను చెప్పను, మీరే చెప్పుకోండి అన్నట్టు చూశాడు.

"మొన్న కార్తీకంలో," అంది చంద్రిక నెమ్మదిగా, "కోత మొదలైన మొదటి రోజు. ఎర్రకాయలే కోయాలని నెల రోజులుగా చెబుతున్నాం. బుదరి బుట్టలో పచ్చకాయలు కలిశాయి. అందరూ వరసలో ఉన్నారు. అందరికీ తెలియాలని నేను..."

"నువ్వు?"

"ఆ బుట్ట నేలమీద కుమ్మరించాను. ఏరుకోమన్నాను."

"అందరి ముందరా?"

"అందరి ముందరా."

"ఆ మనిషి వయసెంత?"

సోమన్న తాయారమ్మను చూపించి చెప్పాడు: "ఈ అమ్మగారి ఈడే ఉంటాది. మొగుడు పోయాడు. ఒక్కతే. ఆ రోజు ఒక్క కాయ ఏరలేదు. ఖాళీ బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. సంఘం వద్దు, మీ గొట్టం వద్దు అంది. కానీ ఒకటి చెప్పాలి. ఆ మర్నాటి నుంచి పచ్చకాయ ఒక్కటి తెంపలేదమ్మా. ఎర్రకాయే కోసింది. ఏ రోజు కోసింది ఆ రోజే తొక్కి, తోలు తీసి, వాగులో కడిగి, చాపమీద ఆరబోసింది. మీరు మాకు ఎలాగ చెప్పారో అలాగ. మాకన్నా బాగా. అటక మీద రెండు మూటలు ఉన్నాయి. రేపు సంత. తెల్లారకుండా ఎత్తుకుపోయి షావుకారుకి పోసేస్తాది."

లోపల భీమశంకరరావుగారు వేయిస్తున్న మొదటి గింజల చిటపటలు వినిపిస్తున్నాయి.

"బాగున్నాది," అంది తాయారమ్మ. "ఆవిడ బుట్టలో నాలుగు పచ్చకాయలుంటే ఊరందరి ముందరా కుమ్మరించినావు. నీ ఇంట్లో నీ అత్త రెండు బస్తాలు తగలేసింది. నన్నెవరి ముందర కుమ్మరిస్తావు?"

"అత్తా..."

"దెప్పడానికి అన్లేదు. అడుగుతన్నాను. పొద్దున్న నువ్వు నా మీద అరిసినావు, నాను సెప్పుకున్నాను, అయిపోయింది. మన ఇంట్లో మనం. ఆవిడకి ఎవరున్నారు అరవడానికి?"

చంద్రికకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పుట్టింటి మొత్తంలో కాలేజీ గడప తొక్కింది తనే. చెరకు పండించే తండ్రి తెచ్చిన బెల్లం దిమ్మను కమీషను ఏజెంటు నలుగురి ముందూ నేలకేసి కొట్టి, నాసిరకం అన్న రోజు తను పక్కనే ఉంది. ఆ రాత్రి తండ్రి అన్నం తినలేదు. అటువంటివాళ్ళు లేని సొసైటీ అని కదా తను ఈ పనిలో చేరింది! ఇన్ని నెలల్లో ఆ రెండు సంగతులనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోలేదు.

"నేను వెళ్తాను," అంది. "నేనే అడుగుతాను."

"నానూ వొస్తాను."

"నీ మోకాలు..."

"బస్సెక్కడానికి మోకాలెందుకు? ఎక్కించడానికి సోమన్న ఉన్నాడు, దింపడానికి నువ్వున్నావు. ఆముదం రాసింది నాను, బుట్ట కుమ్మరించింది నువ్వు. ఇద్దరం ఎల్లడమే న్యాయం."

సోమన్న అప్పుడు ఇడ్లీ పొట్లం విప్పాడు. మూడు ఇడ్లీలు. ఒకటి తాయారమ్మకు ఇచ్చాడు.

ఎస్.టి.డి. బూతు నుంచి చంద్రిక ఇంటి పక్క కొట్టుకు ఫోను చేసి భర్తను పిలిపించింది.

"కొండమీదికి వెళ్తున్నాం. అత్త కూడా. క్యారేజీ నువ్వే కట్టుకో."

"అమ్మా? అరకు వేపా? అమ్మ పెందుర్తి సంత దాటి ఎల్లదు కదే!"

"ఇప్పుడు వెళ్తోంది."

"మీరిద్దరూ కలిసే ఎల్తన్నారా?" అతని గొంతులో నమ్మకం లేదు. "సరే. శాలువా పట్టుకెళ్ళండి. సలి."

*

ఘాట్ రోడ్డు మలుపుల్లో తాయారమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. మధ్యలో ఒకసారి తెరిచి, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో ముదురాకుపచ్చ మొక్కలు చూసి, "ఇవేనేటి?" అంది. ఇవే అని చంద్రిక చెప్పాక మరి కళ్ళు మూయలేదు. ఎండపొడ చెట్ల సందుల్లోంచి మొక్కల మీద పడి జరుగుతూ ఉంటే, చంటిపిల్లలా కిటికీకి ముఖం ఆనించి చూస్తూనే ఉంది.

"నీడలో పెరుగుతాదా? మన వరికి నీడ పడితే సచ్చిపోద్ది."

"దీనికి నీడే కావాలి."

"సరేలే, ఎవరి తత్వం వాళ్ళది," అంది తాయారమ్మ, చంద్రిక చేతిమీద చెయ్యి వేసి. పొద్దుటి నుంచి ఆ ఇద్దరి మధ్య మొదటి నెమ్మది మాట అదే. ఎందుకు వెళ్తున్నారో మరిచిపోయి కాసేపు ఇద్దరూ సుఖంగానే ప్రయాణం చేశారు.

బస్సు దిగి మైలు నడిచి బొండగుడ చేరేసరికి పొద్దు వాలుతోంది. లోయలోంచి ఆడవాళ్ళు కుండలతో పైకి వస్తున్నారు. ఊరి చివర ఇంటి అరుగు మీద, తెల్లబడ్డ జుట్టు కొప్పు పెట్టుకున్న మనిషి ఒకామె మూట మూతిని తాడుతో బిగిస్తోంది. రెండోది అప్పటికే కట్టి గుమ్మం పక్కన ఉంది.

సోమన్న వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. ఆమె తలెత్తింది. చంద్రికను గుర్తుపట్టింది. తాడు ముడి ఇంకా గట్టిగా లాగింది.

బస్సులో చంద్రిక మనసులో కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. "అమ్మా, ఆ రోజు నేను చేసింది తప్పు," అని మాత్రం అనగలిగింది. "అందరి ముందూ చేశాను కాబట్టి, అందరి ముందూ చెబుతున్నాను."

కుండలు ఎత్తుకున్న ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. "రేపటి గిన్నెకు మీ గింజలు అడగడానికి వచ్చాను," అంది చంద్రిక మళ్ళీ.

తాయారమ్మ కుంటుతూ వెళ్ళి, అడగకుండానే ఆ అరుగు మీద కూర్చుంది. "నాను దీని అత్తని. నీ ఊరి గింజలు పాడుసేసిన మనిషిని నానే. అదంతా తరవాత తిడుదువు గాని, ముందు దాహం ఏస్తన్నాది తల్లీ."

బుదరి లోపలికి వెళ్ళింది. చెంబుతో నీళ్ళు తెచ్చింది. తాయారమ్మకు ఇచ్చింది. చంద్రిక వైపు చూడలేదు. తాయారమ్మ సగం తాగి, చెంబు కోడలి చేతికి అందించింది. బుదరి చూస్తూ నిలబడింది, వద్దనలేదు. కట్టిన మూటలు గుమ్మం పక్కనే ఉన్నాయి. వాటి ముడులు విప్పుతాననీ అనలేదు, తెల్లవారి సంతకు వెళ్ళననీ అనలేదు.

పాఠకులకు ఈ వారమంతా ఎవరి పనులు వాళ్ళకుంటాయి. ఆ పనుల మధ్య చంద్రికను మరిచిపోయినా ఫరవాలేదు, ఆమెకు చదువుంది, పక్కన అత్త ఉంది. ఎవరూ చూడకపోయినా, ఎవరూ మెచ్చుకోకపోయినా, మూడు నెలలపాటు ఒక్క పచ్చకాయ కలవకుండా కోసిన మనిషి ఒకామె ఉంది. పాంగి బుదరి. దయచేసి ఆమెను గుర్తుంచుకోండి.